నూట యాభై రెండులో ఒకటి

కంకిపాడు,
8-6-1979

చిరంజీవి లాజరుకి మేనత్త శౌరమ్మ దీవించి చెప్పేది, మన గుడి ఉపదేశి మరియదాసు రాసేది.

నేను బాగున్నాను. నా మోకాళ్ళు బాగా లేవు. వాటి సంగతి నువ్వు అడగలేదు కాబట్టి చెప్పటం లేదు. కోడలికీ పిల్లలకీ నా దీవెనలు. ఏప్రిల్లో పాస్కా పండక్కి రాసిన కార్డు తర్వాత నీ దగ్గర్నుంచి ముక్క లేదు. జనరల్ మేనేజరు అయితే చేతులు పడిపోతాయని ముందే తెలిస్తే నిన్ను బెజవాడ ఫాదర్ల బోర్డింగులో వెయ్యకుండా గేదెల వెనక పంపేదాన్ని.

కాలవ వదిలారు. వెంకటప్పయ్య గారు బోరు కింద నారుమడి దున్నించాడు, వచ్చే వారం నారు పోస్తాడు. ఆయన పద్నాలుగెకరాల్లో ఏటా నాట్లు మన ముఠానే ఊడుస్తుంది, నీకు తెలిసిందే. ఇరవై రెండు మంది ఆడవాళ్ళం, ముప్పై ఒక్క ఏళ్ళుగా నేనే మేస్త్రిని. ఆయన చేలో ఊడ్పులు మొదలైతే అది చూసి పక్క రైతులు పిలుస్తారు, అట్లా ఆగస్టు నెలాఖరు దాకా పని. అక్కడ మొదలు కాకపోతే మరెక్కడా మొదలు కాదు.

ఇప్పుడు రేడియోలో స్కైలాబ్ అని ఒకటి ఆకాశంలోంచి పడుతుందంటున్నారు. ఎక్కడ పడేదీ చెప్పటం లేదు. అంతవరకూ నాకేం బాధ లేదు. రేడియోలో ధరలు తప్ప రోజూ ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది. మొన్న ఆదివారం పూజ అయ్యాక అమలమ్మ మా ఇంటికొచ్చి, యేసు తిరుహృదయం పటం పక్కన తగిలించిన నీ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. నాలుగేళ్ళ కిందట నువ్వు పంపిందే, తళతళలాడే డబ్బా మీద చెయ్యేసి నిలబడ్డావే, అది. "వదినా, పడేది ఇదేనా?" అంది.

ఆ డబ్బా నువ్వే తయారుచేసి నువ్వే పైకి పంపావని పేటంతా చెప్పింది నేనే. చెప్పేటప్పుడు పైకి పోయింది కిందికి కూడా వస్తుందని నాకు తోచలేదు. ఇప్పుడు ముఠా అంతా వంతులవారీగా వచ్చి ఫోటో చూసి పోతున్నారు. మీవాడి వస్తువు మీవాణ్ణే దించుకోమను అంటున్నారు. కాబట్టి సూటిగా అడుగుతున్నాను, అది నీదా కాదా? నీదైతే హైదరాబాదులో దించుకో. అక్కడ బండలున్నాయి. ఇక్కడ నారుమడులున్నాయి.

మరియదాసు నిన్నొక మాట అడగమంటున్నాడు. జనరల్ మేనేజరు రోజూ ఏం చేస్తాడని. ఫ్యాను కింద కూర్చుని సంతకాలు పెడతాడని చెప్పాను. ఆదివారాలు బళ్ళ చుట్టూ తిరిగి పిల్లలకి చంద్రుడి బొమ్మలు చూపించి, మన దేశానికి ఆకాశంలో సొంత వస్తువులు కావాలని పేపర్లకి రాస్తాడని కూడా చెప్పాను. జీతం ఏ పనికి ఇస్తారని అడిగాడు. నాకూ తెలియదు, నువ్వే చెప్పు.

కింద నల్లగా ఉన్నది నా వేలు.

శౌరమ్మ


హైదరాబాదు,
14-6-1979

అత్తకి,

నీ వేలికి నా దండం. మోకాళ్ళెలా ఉన్నాయి? ఇప్పుడు అడిగాను, చెప్పు.

ముందు పెద్ద సంగతి. పడబోయేది నాది కాదు. ఆ ఫోటో బెజవాడ ఎగ్జిబిషన్లో తీయించుకున్నది. నేను చెయ్యేసిన డబ్బా అట్టతో చేసి వెండికాగితం అంటించిన బొమ్మ. గట్టిగా ఆనుకుంటే సొట్ట పడుతుందని పక్కనున్న కాపలావాడు నన్ను కోప్పడ్డాడు కూడా. మన దేశం నిజంగా పైకి పంపిన డబ్బా, ఆర్యభట, దాన్ని చేసినవాళ్ళు వేరే ఉన్నారు. నేను దాన్ని కళ్ళతో చూడలేదు. మా కంపెనీ తయారుచేసేది ఫ్యాక్టరీల్లో మోటార్లని నడిపి ఆపే కంట్రోలు పెట్టెలు. వాటిలో ఒక్కటి కూడా ఇంతవరకూ నేల వదిలి లేవలేదు. ఈ ముక్క ఉత్తరాల్లో చాలాసార్లు రాశాను, నువ్వు వినలేదు. మరియదాసు గారు చదవకుండా దాటేశారేమో అడుగు.

స్కైలాబ్ అమెరికా వాళ్ళది. ఇల్లంత ఉంటుంది. ఆరేళ్ళ కిందట పైకి పంపారు, మనుషులు వెళ్ళి కొన్నాళ్ళుండి వచ్చారు. ఇప్పుడది ఖాళీ ఇల్లు. మెల్లగా కిందికి దిగుతోంది. జులై రెండో వారంలో పడొచ్చు. చాలాభాగం దారిలోనే కాలిపోతుంది, మిగిలింది సముద్రంలో పడే వీలే ఎక్కువ. దానివల్ల ఒక మనిషికి దెబ్బ తగిలే అవకాశం నూట యాభై రెండులో ఒకటని వాళ్ళే లెక్కగట్టారు. అంటే భయపడే పనే లేదన్నమాట. ఈ పేరా మరియదాసు గారిని గుడి అరుగు మీద నిలబడి గట్టిగా చదవమను. అందరికీ ధైర్యం వస్తుంది.

ఇక నా సంగతి. మా మేనేజింగ్ డైరెక్టరు గారు రిటైరవుతున్నారు. ఆయన కుర్చీకి రెండు పేర్లు అనుకుంటున్నారు. ఒకటి నాది, ఒకటి అమ్మకాలు చూసే ఆయనది. జులై పదకొండున బోర్డు మీటింగులో తేలుస్తారు. ఛైర్మన్ గారు నన్ను పిలిచి కాఫీ ఇప్పించి, "లాజరు గారూ, ఆ తారీకు దాకా కాస్త నేల వైపు చూడండి" అన్నారు. స్కైలాబ్ మీద పేపరుకి వ్యాసం రాస్తానని ఒప్పుకున్నాను, మానేశాను. పద్దెనిమిదేళ్ళ నౌకరీ అత్తా. అయితే బాగుండుననే ఉంది. నాకోసం ఒక జపమాల చెప్పు.

నీ మేనల్లుడు,
లాజరు


కంకిపాడు,
22-6-1979

లాజరుకి శౌరమ్మ చెప్పేది. దీవెనలు చివర్లో ఇస్తాను, ముందు తిట్లు.

(ఇక్కడ నాలుగు వాక్యాలు నేను రాయలేదు. — మరియదాసు)

నువ్వు చెప్పినట్టే మరియదాసు అరుగెక్కి గట్టిగా చదివాడు. గొంతు ఆయనకి పూజలో కంటే బాగా వచ్చింది. నూట యాభై రెండులో ఒకటి అన్న మాట దగ్గర ఆగి రెండోసారి కూడా చదివాడు. తర్వాత అందరూ వేళ్ళు మడిచి లెక్కపెట్టటం మొదలుపెట్టారు. మన పేటలో ఎంతమందిమో నీకు గుర్తుందా? పోయిన నెల అమలమ్మ మనవరాలు పుట్టాక నూట యాభై మూడు మందిమి. ఒకటి అంటే మనలో ఒకరన్నమాట. ఇంకొకరు మిగులు.

మరియదాసు ధైర్యం చెప్పబోయాడు. ప్రభువు శిష్యుల వల్లో కూడా సరిగ్గా నూట యాభై మూడు చేపలే పడ్డాయి, అయినా వల చిరగలేదు అన్నాడు. వల సరే, చేపల సంగతేంటని అమలమ్మ అడిగింది. ఆయన అరుగు దిగాడు.

అప్పట్నుంచి ఆ ఒకరు ఎవరనేదే మాట. పుల్లయ్య తాత ముందుకొచ్చి, నాకు ఎనభై దాటాయి, నన్ను లెక్క రాసుకోండి అన్నాడు. ఆయన పెళ్ళాం ఒప్పుకోలేదు. నలభై ఏళ్ళుగా ఏ పనికీ ముందుకు రానివాడు దీనికెందుకొస్తున్నాడని తిట్టింది. సాయంత్రానికి ముఠా ఆడవాళ్ళు మా గుమ్మం ముందు కూర్చుని తీర్మానం చేశారు. అది పడేదాకా కప్పు లేని చోటికి రారట. గుడి పక్కా కట్టడం కాబట్టి గుళ్ళోనే ఉంటారట.

నారు ఆగుతుందా? పాతిక రోజులు దాటితే ముదురుతుంది. ముదురు నారు నాటితే పిలకలెయ్యదని నీకు చిన్నప్పుడే చెప్పాను. వెంకటప్పయ్య గారు ఇవాళ పొద్దున చేతికర్ర ఊపుకుంటూ వచ్చి, పదకొండో తారీకుకి మడిలో దిగకపోతే చల్లపల్లి నుంచి వేరే ముఠాని దింపుతానన్నాడు. చల్లపల్లి వాళ్ళ నెత్తిన పడదా అన్నాను. వాళ్ళకి మేనల్లుడు లేడన్నాడు.

వేరే ముఠా ఒకసారి ఆ గట్టెక్కితే మళ్ళీ దిగదు. ఇరవై రెండు ఇళ్ళలో వానాకాలం కూలి పోతుంది. నీ అత్త మేస్త్రీతనం కూడా పోతుంది, అది నీకు పెద్ద విషయం కాకపోవచ్చు.

అందుకని నువ్వు వచ్చి గట్టు మీద నిలబడి, పడదు అని ఒక్క మాట చెప్పు. రాలేకపోతే కాయితం మీద రాసి పంపు. లెక్కలు రాయకు. మీ లెక్కలు మా అరుగు మీద సరిగ్గా నిలబడటం లేదు.

ఫోటోలో ఉన్నది అట్టబొమ్మ అని నువ్వు రాసిన ముక్క మాత్రం మరియదాసుని గట్టిగా చదవనివ్వలేదు.

జపమాల చెప్పాను. నువ్వు పెద్ద కుర్చీ ఎక్కాలని సగం, నీకు బుద్ధి రావాలని సగం.

ఇప్పుడు దీవెనలు.

శౌరమ్మ


హైదరాబాదు,
28-6-1979

అత్తకి,

తిట్లు అందాయి. రాయని నాలుగూ కూడా అందాయి, నీ గొంతు నాకు తెలుసు కదా.

తప్పు నాదే. నూట యాభై రెండులో ఒకటి అంటే నూట యాభై రెండు మందిలో ఒకరు కాదు. ఆ ఇల్లు నూట యాభై రెండు సార్లు పడితే, ఒక్కసారి, లోకం మొత్తంలో ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరికి తగలొచ్చునని. లోకంలో నాలుగు వందల కోట్ల మంది ఉన్నారు. అమలమ్మ పిన్నికే తగలాలంటే అరవై వేల కోట్లలో ఒక వంతు. అంటే మన బందరు కాలవలో ఉప్పురాయి ఒకటి వేసి, బెజవాడలో ముంచిన చెంబులో అదే దొరకాలన్నట్టు. పుల్లయ్య తాతకి నా దండాలు చెప్పు, ఆయన వెనక్కి తగ్గొచ్చు.

కానీ పడదు అని మాత్రం నేను రాయలేను.

కోప్పడకు. డెబ్బై ఏడు ఉప్పెన అయ్యాక బియ్యం లారీతో నేను చల్లపల్లి వచ్చినప్పుడు నువ్వూ ఉన్నావు. అక్కడ బతికి బయటపడ్డ వాళ్ళని ఒక్కొక్కరినీ అడిగాను, ముందు ఎందుకు కదల్లేదని. దాదాపు అందరూ ఒకటే చెప్పారు. ఏమీ రాదని ఎవరో అన్నారు, అందుకని ఉన్నామని. అప్పటిదాకా నేను బళ్ళలో చంద్రుడి బొమ్మలు చూపించేవాణ్ణి. ఆ తర్వాత మబ్బుల బొమ్మలు చూపిస్తున్నాను. పైనుంచి చూసే కన్నొకటి మనకుంటే తుఫాను ఎటు తిరుగుతుందో ముందే చెప్పొచ్చని చెబుతున్నాను. ఆదివారాలన్నీ పోయేది దానికే. అంత తిరిగి, ఇప్పుడు నేనే నాకు తెలియని దాన్ని రాదు, పడదు అని సంతకం పెట్టి పంపితే ఇంకెందుకు?

రావడం కూడా కుదరదు. మీటింగు పదకొండునే. నేను లేకపోతే నా పేరు దానంతట అదే జారిపోతుంది. వెంకటప్పయ్య గారికి నేను విడిగా ఉత్తరం రాస్తాను, నాలుగు రోజులు ఆగమని. మేనల్లుడి మాట కాకపోయినా మేనేజరు మాట వింటారేమో.

కోపం తగ్గాక రాయి.

లాజరు


కంకిపాడు,
3-7-1979

చిరంజీవి లాజరుకి శౌరమ్మ.

వెంకటప్పయ్య గారికి నీ ఉత్తరం అందింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మెచ్చుకుని, చల్లపల్లి ముఠాకి కబురు పెట్టాడు.

ఉప్పురాయి లెక్క మరియదాసు అందరికీ చెప్పాడు. బాగా అర్థమైంది. ఇప్పుడు ఆడవాళ్ళు బెజవాడ నుంచి చెంబులో ఎవరు నీళ్ళు తెచ్చుకున్నా ముందు వేలు పెట్టి చూస్తున్నారు.

ఇంతసేపూ నవ్వాను. ఇక ఒక మాట చెబుతాను, మరియదాసు మానకుండా రాస్తానని ఒట్టేశాడు.

ఏమీ రాదని ఎవరో అన్నారని నువ్వు రాశావు. ఆ ఎవరో నేనే. అమలమ్మ చెల్లెలు తెరేసమ్మ, సముద్రం ఒడ్డు ఊరికి ఇచ్చిన పిల్ల, ఉప్పెనకి ముందు వారం అక్కని చూడటానికి ఇక్కడికొచ్చింది. శుక్రవారం పొద్దున తిరిగి వెళ్ళబోతుంటే జల్లు పడుతోంది, గాలి వేస్తోంది. రేడియోలో ఏదో చెబుతున్నారు వదినా, ఉండిపోనా అని నన్నడిగింది. మేస్త్రిని కదా, అందరూ నన్నే అడుగుతారు. ఏమీ రాదు ఎక్కవే అని చల్లపల్లి బస్సు మెట్టు మీదికి ఈ చేత్తోనే తోశాను. తర్వాత రోజు రాత్రి ఉప్పెన. తెరేసమ్మా లేదు, మొగుడూ లేడు, పిల్లలూ లేరు.

ఆ మాట నేనన్నానని అమలమ్మకి తెలియదు. ఏడాదిన్నరగా ఆమె పక్క మునుంలోనే, ఆమె నాటు వరసని ఆనుకునే, వంగి నాట్లేస్తున్నాను. అందుకే ఇప్పుడు ఆడవాళ్ళు పడుతుందా మేస్త్రీ అంటే నా నోట్లోంచి పడదు అన్న మాట రావటం లేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో నాకు మాట దొరకనిది ఇదే. నీ చేత చెప్పిద్దామనుకున్నాను. చెప్పనన్నావు. ఉత్తరం విన్నప్పుడు నిన్ను తిట్టాను, పడుకున్నాక నువ్వన్నదే సరి అనిపించింది.

కాబట్టి పడదు అని చెప్పొద్దు. ఏమీ చెప్పొద్దు. వచ్చి మాతోపాటు మడిలో దిగు. వస్తువుల సంగతి ఇంత తెలిసినవాడు మా పక్కన కప్పు లేకుండా నిలబడితే చాలు. పడితే నీ మీదా పడుతుంది.

నీ కుర్చీ సంగతి నేను మరిచిపోలేదు. మీ ఛైర్మన్ గారికి కూడా ఈ టపాలోనే ఒక కార్డు రాయించాను. నీ పాత కవరు మీద అడ్రసు ఉంది.

శౌరమ్మ


హైదరాబాదు,
7-7-1979

అత్తకి,

ఆ కార్డులో ఏముందో నీకు చెబుతాను, ఎందుకంటే నిన్న మధ్యాహ్నం ఛైర్మన్ గారు దాన్ని మేనేజర్లందరి ముందు పైకి చదివించారు. ఆయనకి తెలుగు చదవటం రాదు. చదివింది అమ్మకాలు చూసే ఆయన. మంచి గొంతు.

"అయ్యా, లాజరు నా తమ్ముడి కొడుకు. తల్లి పోతే నేను పెంచాను. చిన్నప్పట్నుంచీ పైకి చూస్తూ నడుస్తాడు, దానివల్ల రెండుసార్లు కాలవలో పడ్డాడు. మునుం వంకరగా వేస్తాడు. కానీ అయిందాకా మడిలోంచి లేవడు. వాణ్ణి పెద్దవాణ్ణి చేస్తారో లేదో మీ ఇష్టం. పదకొండో తారీకున మాత్రం నాకు కావాలి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటున్నాను. ఛైర్మన్ గారు నవ్వు ఆపి, మీటింగు తారీకు మారదు లాజరు గారూ, మీ ఇష్టం అన్నారు. కాలవలో పడ్డది ఎన్నిసార్లు అని కూడా అడిగారు. మూడుసార్లని చెప్పాను, ఒకటి నీకు తెలియదు.

తెరేసమ్మ సంగతి రెండుసార్లు చదువుకున్నాను. దాని గురించి ఉత్తరంలో ఏమీ రాయను.

పదో తారీకు రాత్రి బండికి టికెట్టు తీసుకున్నాను. పొద్దున్నే బెజవాడలో దిగి మొదటి బస్సుకి వస్తాను. నాకొక పాత లుంగీ తీసి ఉంచు. పీతలు ఇప్పటికీ కరుస్తాయా?

లాజరు


కంకిపాడు,
18-7-1979

చిరంజీవి లాజరుకి శౌరమ్మ దీవెనలు, ముఠా ఇరవై రెండు మందివీ దీవెనలు, పుల్లయ్య తాతవి నిష్ఠూరాలు. అది ఎక్కడో సముద్రంలోనూ ఆస్ట్రేలియాలో ఎవరూ లేని ఎడారిలోనూ పడిందని గురువారం రేడియోలో చెప్పగానే ఆయన, నన్ను ఇన్నాళ్ళు ఆశపెట్టారని మంచమెక్కాడు. గంజి మాత్రం తాగుతున్నాడు.

మునుపటిలాగే ఆ రాత్రి బండికే పోయావు. అంచేత ఆ రోజు సంగతులు నేనే చెప్పాలి. నువ్వు అక్కడే ఉన్నావు, కానీ బురదలో నీ కాళ్ళే చూసుకుంటున్నావు. చుట్టూ ఏం జరిగిందో నీకు తెలియదు.

నువ్వు ప్యాంటు మడిచి గట్టు మీదికొచ్చేసరికి మనవాళ్ళు గుడి తలుపు దగ్గరే ఉన్నారు. చల్లపల్లి ముఠా ఎడ్లబండి దిగి అవతలి గట్టు మీద కూర్చుంది. వెంకటప్పయ్య గారు మధ్యలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. నువ్వు ఎవరితోనూ మాట్లాడకుండా నారు కట్ట ఒకటి తీసుకుని మడిలో దిగావు. మొదటి అడుగులోనే మోకాలి దాకా కూరుకుపోయావు. అవతలి గట్టు మీద వాళ్ళు నవ్వారు. ఆ నవ్వుకే మనవాళ్ళు సగం మంది తలుపు వదిలి వచ్చారు. మనవాణ్ణి మనం నవ్వాలి గాని వాళ్ళెవరు.

అమలమ్మ రాలేదు. ఆమె రాకపోతే మిగతావాళ్ళూ దిగరు. చివరికి గట్టు దాకా వచ్చి, చీర కుచ్చెళ్ళు పట్టుకుని, నిన్ను సూటిగా అడిగింది.

"అబ్బాయ్, పడుతుందా?"

నీ నోరు మూద్దామని ఒక అడుగు వేశాను. నువ్వు ఏ లెక్క తీస్తావో, ఏ ఉప్పురాయి తీస్తావో అని.

"తెలియదు పిన్నీ" అన్నావు. "ఇక్కడ పడకపోవచ్చు. కానీ నాకు తెలియదు."

నువ్వు మళ్ళీ వంగావు. ఆమె ముఖం నువ్వు చూడలేదు, నేను చూశాను. నీ వీపు వంక చూసి, కుచ్చెళ్ళు దోపుకుని దిగింది. ఆమె వెనక అందరూ దిగారు. వెంకటప్పయ్య గారు చల్లపల్లి వాళ్ళకి మజ్జిగ ఇప్పించి పంపేశాడు.

ఆ రోజు ఆమె నా పక్క మునుమే. నాలుగు బారలు పోయాక, తల ఎత్తకుండానే అంది. "మా చెల్లెలికి ఆ రోజు ఎవరైనా తెలియదు అని చెప్పుంటే ఆగేది వదినా."

నా చేతిలో నారు అట్లాగే ఉండిపోయింది. చెప్పేశాను లాజరూ. రాదన్నది నేనే, బస్సు మెట్టు మీదికి తోసింది నేనే అని చెప్పాను. అంత బురదలో, ఇరవై మంది వింటుండగా.

"నాకు తెలుసు" అంది. "బస్సు కండక్టరు చెప్పాడు, ఆ నెల్లోనే. నీ నోటితో ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నా. నాటు ఆపకు, మునుం వెనకబడుతోంది."

ఇద్దరం గట్టు దాకా నాటేశాం. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు మా గుమ్మంలో ఆగి నీళ్ళడిగింది. ఏడాదిన్నరలో ఎన్నోసార్లు ఆగింది గాని నీళ్ళడగలేదని అప్పుడు తట్టింది నాకు.

మీటింగు ఏమైందో రాయలేదేం?

శౌరమ్మ


హైదరాబాదు,
26-7-1979

అత్తకి,

మీటింగు సంగతి రాయనిది మరిచిపోయి కాదు. ఆ కుర్చీ అమ్మకాలు చూసే ఆయనకి ఇచ్చారు. నేను ఎప్పటిలా ఫ్యాను కిందే. ఆయన మొదటి రోజే నా గదికి వచ్చి, మీ మేనత్త గారి కార్డు చదివింది నేనే కాబట్టి నాకే ఆమె దీవెన తగిలిందేమో అన్నారు. మంచి మనిషి. నాకు బాధ లేదని రాస్తే నువ్వు నమ్మవు. రెండు రోజులు అన్నం సయించలేదు. కోడలు ఉలవచారు పెట్టాక సయించింది.

తుఫానుల వేళ మబ్బుల బొమ్మల్ని పైనుంచి అందుకునే పెట్టె ఒకటి మన దగ్గరే తయారుచేద్దామని ఏడాదిన్నరగా అడుగుతున్నాను. ఈసారి బందరులో ఒకటి పెడదాం అని కాయితం రాసి ఛైర్మన్ గారి ముందు పెట్టాను. చూద్దాం అన్నారు. ఆయన చూద్దాం అంటే ఒక్కోసారి చూస్తారు, ఒక్కోసారి చూడరు. నాకు తెలియదు. ఈ మాట ఇప్పుడు నాకు తేలిగ్గా వస్తోంది.

అమలమ్మ పిన్నికి దండాలు. నా వీపు ఇంకా నిలబడటం లేదు. పీతలు కరుస్తాయి.

లాజరు


కంకిపాడు,
13-8-1979

చిరంజీవి లాజరుకి శౌరమ్మ దీవించి.

నిన్ను పెద్ద కుర్చీ ఎక్కించలేదని విని ఒక పూట మీ ఛైర్మన్‌ని తిట్టాను, మరియదాసు రాయలేదు. రెండో పూటకి ఆలోచించాను. పెద్దవాడివైతే నీ ఆదివారాలు పోయేవి. అప్పుడు నువ్వు ఇంకెవరి పెట్టెలకో సంతకాలు పెడుతూ ముసలివాడివయ్యేవాడివి. ఇప్పుడు నీ పెట్టె కోసం పోట్లాడుతూ ముసలివాడివవుతావు.

మొన్న శుక్రవారం మన దేశం వాళ్ళు పైకి పంపిన రాకెట్టు కూడా సముద్రంలోనే పడిందని రేడియోలో చెప్పారు. అమలమ్మ వచ్చి, ఇది మీవాడిదేనా అంది. కాదు, మావాడు ఒక్కటి కూడా పైకి పంపలేదు, ఆ ఫోటోలో ఉన్నది అట్ట అని చెప్పేశాను. ఆ సంగతి మీ ఇంటికొచ్చిన మొదటి రోజే తెలుసు, సొట్ట కనపడుతోంది కదా అంది. ఫోటో తీసేద్దామంటే వద్దంది. ఉండనివ్వు, ఎప్పటికైనా నిజమైనదాని పక్కన నిలబడతాడేమో అంది.

ఊడ్పులు అయిపోవచ్చాయి. వెంకటప్పయ్య గారి చేను పచ్చగా తిరిగింది. మధ్యమడిలో ఒక మునుం ఉంది, పామెళ్ళినట్టు అటూ ఇటూ పోతుంది. ఆయన పీకించి మళ్ళీ వేయించమన్నాడు. అమలమ్మ గట్టు మీద కూర్చుని, దాని మీద చెయ్యి వేస్తే ముఠా రేపట్నుంచి రాదంది. మేస్త్రిని నేను కదా, నన్ను అడక్కుండానే అంది. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

మీ రేడియో వాళ్ళు నీకు తెలిసినవాళ్ళయితే ఒక మాట చెప్పు. నీ పెట్టె వచ్చేదాకా, తుఫాను ఎటొస్తుందో తెలియనప్పుడు తెలియదనే చెప్పమను. ఆ మాట చెబితే మేము కదులుతాం.

కోతలకి రా. కొడవలి నీకివ్వను, గట్టు మీద కూర్చుని నీ వంకర మునుం నువ్వే చూసుకో.

మోకాళ్ళు అలాగే ఉన్నాయి.

ఇది నా వేలు. పక్కన రెండోది అమలమ్మది, తనదీ వెయ్యమంది.

శౌరమ్మ